గోడ చాటు

తోటి డ్రైవర్లు అతనికి రేడియో అని పేరు పెట్టారు. పెట్టినవాడి నోట్లో పంచదార పొయ్యాలి, అంత సరిగ్గా అతికింది. పొద్దున్నే పార్కు గేటు దగ్గర వ్యాను ఎక్కి, మెడకు తగిలించుకున్న మైకును ఉఫ్ మని ఊదాడంటే, కొండలన్నీ చుట్టి సాయంత్రం అదే గేటు దగ్గర ఆఖరి మనిషిని దింపేదాకా ఆ నోటికి మూత పడదు. లోయ వస్తే లోయ గురించి, జలపాతం వస్తే జలపాతం గురించి, ఏదీ రాకపోతే తన గురించి చెప్తాడు. "కంగారు పడకండి, ఈ రోడ్డు మీద నేను కళ్ళు మూసుకుని కూడా నడపగలను. కాకపోతే మీరు తెరుచుకుని ఉండాలి," అంటాడు, రోజూ అదే మలుపులో. రోజూ జనం నవ్వుతారు. ఒకే జోకుకు రోజూ కొత్తవాళ్ళు నవ్వే ఉద్యోగం ఎంతమందికి దొరుకుతుంది?

పార్కు అందమైనదే, కాదనేవాళ్ళు లేరు. కింద సూదుల్లాంటి ఆకుల చెట్లు, వాటి పైన ఉత్త బండ, బండ పైన ఏడాది పొడుగునా మంచు. దూరపు కొండలు నునుపు అన్నారు కానీ, ఆ కొండల నడుం పట్టుకుని వేలాడే రోడ్డు మీద బండి నడిపేవాడికి ఏ నునుపూ ఉండదు. అందులోనూ దారి సగంలో, అన్నిటికంటే ఎత్తున, ఒక చోటుంది. డ్రైవర్లు దాన్ని జారుడు అంటారు. అక్కడ కొండకు కుదురు లేదు. ఒక పూట గుప్పెడు గులకరాళ్ళు రాలుస్తుంది, ఒక పూట గంపెడు, ఒక్కోసారి ఎద్దంత బండ. రోడ్డేమో ఒక బండి పట్టేంత వెడల్పే. ఇటో మలుపు, అటో మలుపు. అటు నుంచి వచ్చేది ఇటువాళ్ళకు కనపడదు. రెండు మలుపులూ, పైన కొండా ఒకేసారి కనపడే తావు ఒక్కటే. లోయ వైపు కట్టిన రాతిగోడ చివర, గోడ కంటే కాస్త ఎత్తుగా ఒక బండరాయి ఉంది. ఆ రాయి మీద రేడియో వాళ్ళ అక్క నిలబడుతుంది.

నారింజ రంగు చొక్కా, తలకు బిగించి కట్టిన గుడ్డ, ఒక చేతిలో పచ్చ జెండా, ఒక చేతిలో ఎర్ర జెండా. ముందు కొండను చూస్తుంది. తర్వాత ఆ మలుపు, తర్వాత ఈ మలుపు, మళ్ళీ కొండ. పచ్చది ఎత్తితే బండి కదులుతుంది. ఎర్రది ఎత్తితే దేవుడు కూర్చున్న బండైనా ఆగుతుంది. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, డ్రైవర్ల పట్టింపు. తాగి నడిపినవాడితో అయినా కూర్చుని టీ తాగుతారు గానీ, జెండా అక్కను చూడకుండా జారుడు దాటినవాడితో తాగరు. ఆవిడ కింద ముఠాలో మిగతా ఆడవాళ్ళు గునపాలతో రాళ్ళు పెకలించి, వరసలో నిలబడి గంపలు అందించుకుంటూ ఉంటారు. ఆ గోడ కూడా వాళ్ళు కట్టిందే. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి పక్కన ఏ రాయి ఒప్పుకుంటుందో చూసి పేర్చుకుంటూ పోయారు.

ఆ పట్టింపు సోమవారం పొద్దున్న తెగింది.

డ్రైవర్లనూ, ముఠానూ కలిపి షెడ్డులో నిలబెట్టాడు మేనేజరు. కొత్తగా వచ్చిన మనిషి. తెల్ల చొక్కా, మెత్తని మాట. గొంతెత్తడం తెలియదు. ఎత్తితే బాగుండేది, తిరిగి ఎత్తడానికి ఎదుటివాడికి సందు దొరికేది.

"గెస్టుల ఫొటోల్లో మీరు పడుతున్నారమ్మా," అన్నాడు ముఠాతో. "పాపం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మనిషి చెయ్యి పడని కొండలు చూడాలని వస్తారు. తీరా ఫొటో తీసుకుంటే వెనకాల నారింజ చొక్కాలు, గునపాలు, గంపలు. బాగుంటుందా? మీరే చెప్పండి."

ఆ చొక్కాలకు ఆ రంగు ఎంచింది ఆ ఆఫీసే, దూరం నుంచి కనపడాలని. ఇప్పుడు కనపడటమే తప్పయింది.

"పనేం మానక్కర్లేదు. కనపడకుండా ఉంటే చాలు. బండి చప్పుడు వినగానే గోడ దాటి అవతల కూర్చోండి. అక్కడ చోటుందిగా. గెస్టులు చూసుకుని వెళ్ళిపోయాక లేవండి. ఎంతసేపు?"

గోడ అవతల ఉన్న చోటు మనిషి గొంతుకు కూర్చునేంత. దాని అవతల లోయ.

ముఠాలో అందరికంటే పెద్దావిడ, అందరూ పెద్దమ్మ అనే ఆవిడ, నెమ్మదిగా అంది. "నా మోకాళ్ళు వంగవు బాబూ. కూర్చుంటే మళ్ళీ లేవలేను."

"అయితే కూర్చునే ఉండండమ్మా, హాయిగా," అన్నాడు మేనేజరు నవ్వుతూ. పెద్ద ఉపకారం చేసినట్టుంది ఆయన మొహం.

అప్పుడు అక్క అడిగింది. "మరి జెండా?"

"బోర్డు పెట్టించాం కదమ్మా, నెమ్మదిగా వెళ్ళండి అని. మన డ్రైవర్లకు కళ్ళు లేవా?" అని మేనేజరు రేడియో వైపు తిరిగాడు. "ఏమోయ్, నువ్వు కళ్ళు మూసుకుని కూడా నడుపుతావట కదా!"

షెడ్డంతా రేడియోను చూసింది. అక్క కూడా చూసింది. వచ్చే నెల పార్కుకు అద్దాల బస్సు వస్తోంది. పైకప్పు కూడా అద్దమే, కూర్చున్న చోటునుంచే శిఖరాలు కనపడతాయి. దానికి డ్రైవరూ గైడూ ఒక్కడే కావాలి, నువ్వైతే ఎలా ఉంటుందో చూస్తున్నాను, అని మేనేజరు అంతకు ముందు వారమే భుజం తట్టాడు. భుజం మీద ఆ చెయ్యి ఇంకా దిగలేదు.

"అదెంత పని సార్," అన్నాడు రేడియో, పళ్ళన్నీ బయటపెట్టి.

అక్క తల తిప్పుకుని గంప ఎత్తుకుంది.

బుధవారం వ్యాను నిండా ఉంది. ముందు సీట్లో పెద్ద టోపీ పెట్టుకున్న ఆయన, పక్కన ఆయన భార్య, వెనకాల ఎవరిదో గలగలలాడే చిన్నపిల్ల. టోపీ ఆయన గేటు దగ్గర మొదలుపెట్టిన ఆపిల్‌ను సగం కొరికి, మిగతాది చేత్తో తిప్పుకుంటూ కూర్చున్నాడు.

జారుడుకు ముందు కొండ కాస్త వెనక్కి తగ్గి బండ్లు ఆపుకునే వీలిస్తుంది. అదే అందరూ ఫొటోలు తీసుకునే చోటు. వ్యాను చివరి మలుపు తిరుగుతుండగా రేడియోకు గులకరాళ్ళ మీద పరుగుల చప్పుడు వినపడింది. నారింజ చొక్కాలు ఒకదాని వెంట ఒకటి గోడ ఎక్కి అవతలికి జారిపోయాయి. ఇద్దరు పెద్దమ్మను చంకల కింద పట్టుకుని మూటను దింపినట్టు దింపారు. అందరికంటే ఆఖరున అక్క. రాయి దిగుతూ కూడా ఆమె కొండ మీద నుంచి చూపు తియ్యలేదు. తర్వాత ఆమె కూడా లేదు. గోడ, గోడ అవతల గాలి, దూరంగా మంచు. ఎవరూ ఎప్పుడూ లేనట్టే ఉంది.

గోడకు ఇవతల గెస్టుల కోసం తాడు కట్టారు. దాని వెనక నిలబడి అందరూ ఫోన్లు ఎత్తారు. రేడియో మైకు ఊదాడు. మేనేజరు నేర్పిన మాట అప్పగించాడు.

"చూడండి, కళ్ళారా చూడండి. ఇదీ మనిషి చెయ్యి పడని చోటు."

గోడ వెనకాల ఎవరో దగ్గారు.

ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక వచ్చిన దగ్గు. పెద్దమ్మది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాతిధూళి మింగే గొంతు ఎప్పుడు దగ్గుతుందో దానికే తెలియదు.

"అక్కడేదో ఉంది!" అంది చిన్నపిల్ల.

"ఎలుగుబంటా?" అన్నాడు టోపీ ఆయన ఆశగా.

ఇక్కడ రేడియో ఒక్క క్షణం ఊరుకోగలిగి ఉంటే ఈ కథ లేదు. కానీ ఖాళీ కనపడితే మాటతో పూడ్చడం ఆ నోటికి అలవాటు. "అంత అదృష్టమా మనకు! కోతులండీ. మనుషుల్ని చూస్తే సిగ్గు, గోడ చాటున నక్కుతాయి."

అందరూ నవ్వారు.

"కోతులు దగ్గుతాయా?" అంది పిల్ల.

"చలి కదమ్మా. జలుబు చేసుంటుంది."

ఇంకా నవ్వారు. టోపీ ఆయన ఆ ఉత్సాహంలో చేతిలో సగం ఆపిల్‌ను గోడ మీదుగా విసిరాడు. అది అవతలికి వెళ్ళి పడింది. కింద లోయలో పడ్డ చప్పుడు రాలేదు, దగ్గరలోనే దేనికో మెత్తగా తగిలింది.

"వాటికి తిండి పెట్టకూడదండీ," అన్నాడు రేడియో మైకులో. "అలవాటు పడిపోతాయి."

ఆ రోజుకల్లా పెద్ద నవ్వు దానికి వచ్చింది. దిగేటప్పుడు టోపీ ఆయన చెయ్యి కలిపి, నీలాంటి గైడును ఎక్కడా చూడలేదన్నాడు.

అక్కా తమ్ముడూ ఉండేది గేటు దగ్గర సిబ్బందికి కట్టిన రెండు గదుల ఇంట్లో. సాయంత్రం అతను చేతులు కడుక్కుని కూర్చునేసరికి కంచం పెట్టి ఉంది, పైన మూత. అక్క గుమ్మం దగ్గర కూర్చుని బూట్లలోంచి గులకరాళ్ళు దులుపుకుంటోంది. ఒంట్లో ఉన్న కోపమంతా ఆ బూటు మీద పెట్టి గడపకేసి కొడుతోంది. ఆకలి మీద ఉన్నాడు కాబట్టి అతనికి ఆ చప్పుడు చెవికెక్కలేదు. మూత తీశాడు.

కంచం మధ్యలో సగం కొరికిన ఆపిల్. కొరికిన చోట గోధుమరంగు తిరిగింది. పళ్ళ గాట్లు స్పష్టంగా ఉన్నాయి.

"నీ బండివాళ్ళు పెట్టారు," అంది అక్క, తల ఎత్తకుండా. "పెద్దమ్మ నెత్తిన పడింది. తిను."

"అక్కా..."

"తినరా. అలవాటు పడిపోతావు."

రేడియో మూత మళ్ళీ పెట్టబోయి ఆగాడు. "మీరున్నారని తెలియకూడదని కదా ఆర్డరు. ఏదో ఒకటి చెప్పాలి కదా. జోకు..." అన్నాడు.

"మనుషులున్నారు, పని చేసుకుంటున్నారు అంటే నోరు పడిపోయేదా?"

"ఉద్యోగం పోయేది."

"పోయేదేమో. నువ్వు అనలేదు కాబట్టి మనకు తెలీదు."

"నీకు తెలుసు కదక్కా, ఆ అద్దాల బస్సు..."

"ఎక్కు. బంగారంలా ఎక్కు. అందులోంచైతే కోతులు ఇంకా బాగా కనపడతాయి."

ఆమె గొంతు వణికింది. ఏడుపుతో కాదు. ఆమె ఏడవగా అతను చిన్నప్పటి నుంచీ చూసింది తక్కువ. లేచి వెళ్ళి వంటింట్లో వేరే కంచంలో భోజనం పెట్టి, అతని ముందు నేల మీద జరిపి, తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆపిల్ ఉన్న కంచం మాత్రం తియ్యలేదు. రెండు కంచాలూ అతని ముందే ఉన్నాయి. ముందు అక్క మీద కోపం వచ్చింది, ఇంత చిన్నదానికి ఇంతలా అనాలా అని. తర్వాత టోపీ ఆయన మీద వచ్చింది. తర్వాత మేనేజరు మీద. అందరి మీదా తిరిగి తిరిగి కోపం ఇంటికే వచ్చింది. పెద్దమ్మ నెత్తిన ఆపిల్ పడ్డప్పుడు ఆవిడ కదలకుండా, చప్పుడు చెయ్యకుండా కూర్చుని ఉంటుంది. ఎందుకంటే అవతల తను మాట్లాడుతున్నాడు.

ఆ రాత్రి అక్క పలకలేదు. పొద్దున్నా పలకలేదు.

గురువారం మైకులో మాటలు తడబడ్డాయి. జలపాతం దగ్గర శిఖరం గురించి చెప్పాడు. కళ్ళు మూసుకుని నడిపే జోకు సగంలో వదిలేశాడు. గోడ దగ్గర, "ఇదండీ," అని మాత్రం అన్నాడు. గోడ వెనక చిన్న చప్పుడు కూడా లేదు. అంతమంది మనుషులు ఊపిరి బిగబట్టి కూర్చుంటే ఉండే నిశ్శబ్దం ఎలాంటిదో అతనికి ఆ రోజే తెలిసింది. ఎవరూ ఏమీ అడగకపోయినా మొహం కాలిపోయింది.

అయినా బండి ఎక్కాడు, ఖాళీ రాయి పక్కనుంచి జారుడులోకి పోనిచ్చాడు. కోపం వచ్చినంత మాత్రాన మనిషి మారిపోతాడా!

సగం కూడా దాటకముందే ఎదురుగా మేనేజరు కారు ముక్కు కనపడింది. రెండు బ్రేకులూ ఒకేసారి అరిచాయి. రెండు బండ్ల మధ్య చెయ్యి దూర్చే సందు మిగిలింది. వ్యానులో ఎవరో కెవ్వున కేకేశారు. కారులో మేనేజరు లేడు. పైనున్న గెస్టుల బంగళా నుంచి కారును తెస్తున్న ముసలి డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. బాబాయి అంటారు ఆయనను అందరూ. ఈ రోడ్డు మీద బండి నేర్చుకున్నవాళ్ళలో సగం మంది ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళే.

వెనక్కి పోవాల్సింది రేడియోనే, మలుపు అతనికే దగ్గర. ఒక పక్క లోయ, ఒక పక్క కొండ, వెనక అద్దంలో భయపడ్డ మొహాలు. అంగుళం అంగుళం వెనక్కి తీస్తుంటే వ్యాను కప్పు మీద గులకరాళ్ళు టపటపా రాలాయి. గోడ దగ్గరికి వచ్చి ఆపేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

బాబాయి కారు పక్కన ఆపి అద్దం దించాడు.

"జెండా లేకుండా ఎందుకొచ్చావురా?"

"నువ్వు రాలేదా బాబాయ్?"

"వచ్చాను. సిగ్గులేక వచ్చాను," అన్నాడు ముసలాయన. "ఆవిడ రాయి మీద లేకపోతే ఆగాలి. అంతేగానీ ఎవడికి వాడు దాటేయకూడదు. మనం దాటేస్తున్నాం కాబట్టేగా జెండా అక్కర్లేదని ఆయన అంటున్నాడు? ఆయన్ని అనడం దేనికి? ముందు మనల్ని చెప్పుతో కొట్టాలి."

అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయాడు. గోడ అవతల ముఠావాళ్ళు ఈ మాటలన్నీ విని ఉంటారు. ఎవరూ తల ఎత్తలేదు.

శుక్రవారం ఆకాశం అద్దంలా ఉంది. అలాంటి రోజున పార్కు మొత్తం బండ్లతో నిండిపోతుంది. రేడియో వెనకాల ఇంకో రెండు వ్యాన్లు వస్తున్నాయి. చివరి మలుపు తిరుగుతుండగా మళ్ళీ గులకరాళ్ళ చప్పుడు, మళ్ళీ నారింజ చొక్కాలు మాయం. అతను గెస్టుల్ని దింపాడు. ఫొటోలు తీసుకోనిచ్చాడు. మనిషి చెయ్యి పడని చోటు అనలేదు. అందరూ ఎక్కాక బండిని ఖాళీ రాయి దాకా తెచ్చి, ఆపి, ఇంజను ఆర్పేశాడు.

"ఏమైంది?" అన్నారు ముందు సీట్లో ఉన్న ఇద్దరు.

"జెండా రావాలండీ."

"ఎక్కడి నుంచి?"

అతను తల కిటికీలోంచి బయట పెట్టి పిలిచాడు. "అక్కా! జెండా!"

గాలి చప్పుడు. వెనక వ్యాను వచ్చి ఆగింది. దాని వెనకది వచ్చి ఆగింది. ఇంకోసారి పిలిచాడు. అప్పుడు గోడ వెనకాల నుంచి, ప్రశాంతంగా, బుధవారం రాత్రి తర్వాత అక్క అతనితో పలికిన మొదటి మాట వచ్చింది.

"కోతులు జెండాలు ఊపవురా."

వ్యానులో ఒకళ్ళిద్దరు నవ్వబోయి, డ్రైవరు మొహం చూసి ఆగిపోయారు. రేడియో మైకు తీసుకున్నాడు. ఊదడం మర్చిపోయాడు.

"ఆ గోడ వెనకాల మా అక్క ఉందండీ," అన్నాడు. వ్యాను పైన ఉన్న స్పీకరులోంచి ఆ మాట కొండకు తగిలి వెనక్కి వచ్చింది. "మా అక్కే కాదు, ముఠా మొత్తం ఉంది. మీ ఫొటోల్లో పడకూడదని అలా కూర్చోబెట్టారు. మొన్న మీలాంటివాళ్ళు అడిగితే కోతులని చెప్పాను. నేనే చెప్పాను. నవ్వారు. ఒకాయన కొరికిన పండు విసిరాడు. పెద్దమ్మ నెత్తిన పడింది." ఆగాడు. తర్వాత ఏం రావాలో అతనికి తెలియలేదు. జీవితంలో మొదటిసారి, మైకు చేతిలో ఉండగా మాట అయిపోయింది. "మనిషి చెయ్యి పడని చోటని చెప్తానండీ రోజూ. ఆ గోడలో వాళ్ళ చెయ్యి పడని రాయి ఒక్కటి లేదు. అక్కా, తప్పయింది. పెద్దమ్మా, తప్పయింది. జెండా లేందే ఈ బండి కదలదు."

మైకు పెట్టేశాడు. వెనక వ్యాను డ్రైవరు ఇంజను ఆర్పేశాడు. దాని వెనక వాడూ ఆర్పేశాడు. కొండ మీద అంత నిశ్శబ్దం బండ్లున్నప్పుడు ఎన్నడూ లేదు.

గోడ మీదికి ముందు ఒక చెయ్యి వచ్చింది. వేళ్ళు వంకర తిరిగి, గోళ్ళు అరిగిపోయిన ముసలి చెయ్యి. తర్వాత పెద్దమ్మ తల, తర్వాత ఆవిడను కింది నుంచి ఎత్తుతున్న వాళ్ళు. ఒక్కొక్కళ్ళే గోడ ఎక్కి ఇవతలికి దిగారు. మోకాళ్ళ మీద మట్టి దులుపుకున్నారు. ఎవరూ గెస్టుల వైపు చూడలేదు. గునపాలు తీసుకున్నారు, గంపలు తీసుకున్నారు. ఆఖరున అక్క వచ్చింది. నడుముకు దోపుకున్న జెండాలు విప్పుకుని రాయి ఎక్కింది. కొండను చూసింది. ఆ మలుపు, ఈ మలుపు. మళ్ళీ కొండ.

ఎర్రది ఎత్తింది.

అవతలి మలుపులోంచి అప్పుడే మేనేజరు కారు వచ్చింది. ఈసారి లోపల మేనేజరు ఉన్నాడు. రాయి మీద మనిషినీ, రోడ్డు పొడుగునా నారింజ చొక్కాలనూ చూసి చెయ్యి బయటపెట్టి, దిగండి దిగండి అన్నట్టు ఊపాడు. బాబాయి కారు ఆపి ఇంజను ఆర్పి, సీటుకు వీపు ఆనించాడు.

"పోనివ్వవయ్యా," అంటున్నాడు మేనేజరు. గాలి ఇటే వీస్తోంది, మాటలు వినపడుతున్నాయి.

"ఎర్రది సార్."

"నేను చెప్తున్నాను, పోనివ్వు."

"మీరు చెప్తున్నారు సార్. జెండా చెప్పడం లేదు."

మేనేజరు తలుపు తీసుకుని దిగాడు. మెత్తని మొహం ఇంకా మెత్తగానే ఉంది గానీ, ఎర్రబడింది. జారుడు మీదుగా నడుచుకుంటూ రాబోయాడు. అక్క ఎర్ర జెండాను ఆయనకేసి చాచింది.

"అక్కడే ఆగండి!"

అరిచింది ఆమె, కొండ మీద గునపం పడ్డట్టు. ఆ అరుపులో సోమవారం నుంచి గొంతుకు కూర్చుని మింగినదంతా ఉంది. మేనేజరు ఆగిపోయాడు. ముందుకు రాలేడు. వెనక్కి వెళ్ళి కారులో కూర్చోవడానికి మొహం చెల్లలేదు. రోడ్డు మధ్యలో, అందరికీ కనపడుతూ నిలబడ్డాడు. వ్యానుల్లోంచి గెస్టులు ఫోన్లు ఎత్తి ఫొటోలు తీస్తున్నారు. కొండ, మంచు, నారింజ చొక్కాలు, వాటి మధ్య ఒక తెల్ల చొక్కా. ఆ రోజు ఫొటోల్లో పడకుండా ఉండాల్సిన మనిషి ఎవరైనా ఉంటే ఆయనే.

కొండ ఏం రాల్చలేదు. ఆమె ఏం చూసి ఆపిందో రేడియోకు తెలియదు. అక్క జెండాతో అబద్ధం చెప్పదు, అదొక్కటి తెలుసు. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. వెనక ఎవరో "ఎంతసేపండీ?" అంటే, "ఆవిడ పచ్చది ఎత్తేదాకా," అన్నాడు.

పచ్చది ఎత్తినప్పుడు వ్యాన్ల వైపే ఎత్తింది. బాబాయి కారును అవతలి మలుపు దాటి వెడల్పున్న చోటికి వెనక్కి తీసుకున్నాడు. మేనేజరు కొండకు అతుక్కుని నిలబడితే, ఆయన పక్కనుంచి మూడు వ్యాన్లూ నెమ్మదిగా దాటిపోయాయి. అక్క కొండనే చూస్తోంది. తమ్ముడి బండి వెళ్ళేటప్పుడు కూడా కొండనే చూసింది.

సాయంత్రం మేనేజరు రేడియోను పిలిపించి, ఎప్పటి మెత్తదనంతోనే, "నీకు మార్పు కావాలి," అన్నాడు. వ్యాను తాళాలు తీసుకున్నాడు. రాళ్ళు తోలే టిప్పరు తాళాలు ఇచ్చాడు. అద్దాల బస్సు మాట ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ లేదు. తప్పయిందని ఆ ఆఫీసులో ఎవరూ అనలేదు. ఆర్డరు వెనక్కి తీసుకున్నట్టూ చెప్పలేదు. అది ఇప్పటికీ అలాగే ఉంది. కాకపోతే శనివారం పొద్దున్న బయల్దేరిన ప్రతి డ్రైవరూ రాయి దగ్గర బండి ఆపి, ఇంజను ఆర్పి, జెండా కోసం కూర్చున్నాడు. ఆగిన బండ్ల వరస ఎంత పెరిగిందో విన్న మేనేజరు ఆ పూట పైకి రాలేదు.

రేడియో టిప్పరును జారుడు దగ్గర వెనక్కి తీసి నిలబెట్టి దిగాడు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన నారింజ చొక్కా అతనికి రెండింతలుంది, భుజాలు మోచేతుల మీదికి జారుతున్నాయి. ముఠా అతన్ని చూసి మళ్ళీ పనిలో పడింది. అతను పెద్దమ్మ ఎదుటికి వెళ్ళి చేతులు జోడించబోతే, ఆవిడ ఆ చేతుల్లో ఒక గంప పెట్టింది.

"దండాలు తర్వాత. ముందు ఇది ఎత్తు," అంది.

ఎత్తాడు. మొదటి గంపకే నడుం కలుక్కుమంది. రాయి మీద నుంచి అక్క అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. సోమవారం తర్వాత అతన్ని సూటిగా చూడటం అదే మొదటిసారి.

"గుండీలు పెట్టుకోరా," అంది. "కోతిలా ఉన్నావు."

పెద్దమ్మకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గుతూనే నవ్వింది, ఆపుకోకుండా, కొండంతా వినపడేలా. ముఠా మొత్తం నవ్వింది. రేడియో గంపను నడుముకు ఆనించి, ఒక చేత్తో కింది గుండీ పెట్టుకున్నాడు.

కింద మలుపులో వ్యాను చప్పుడు వినపడింది. అతని కాళ్ళు వాటంతట అవే గోడ వైపు తిరిగాయి. తిరిగినట్టు తెలిసి సిగ్గుపడేలోపే అక్క గొంతు వినపడింది.

"నిలబడు."

ఎవరూ కదలలేదు. వ్యాను మలుపు తిరిగి వచ్చి ఆగింది. ఇంజను ఆగింది. కిటికీల్లోంచి ఫోన్లు లేచాయి. రేడియో గంప దించి, పై గుండీ దాకా పెట్టుకుని, పెద్దమ్మ పక్కన నిటారుగా నిలబడ్డాడు. అక్క కొండను చూసింది.